పూడ్చమన్నది నేనే

తొంభైల చివర్లో అనంతపురం జిల్లా బెళుగుప్ప వైపు పల్లెల్లో చెక్‌డ్యాములు కట్టించే పథకంలో నేను కొలతల ఇంజినీరుని. ఆ పనులకు కాంట్రాక్టరు ఉండడు. ఊరివాళ్లే కమిటీగా ఏర్పడి కట్టుకోవాలి, మేము పక్కనుండి సాయం చేయాలి. పునాది పూడ్చకముందు టేపు ఒక కొస నేను, రెండో కొస కమిటీ మనిషి పట్టుకుని కొలవాలి. ఆ లోతును కొలతల పుస్తకంలో రాసి ఇద్దరం సంతకం పెట్టాలి. పుస్తకంలో ఎంత లోతు ఉంటే అంతకే కూలి డబ్బులొస్తాయి. మట్టి కింద ఉన్నదాన్ని తర్వాత ఎవరూ చూడలేరు కాబట్టి పెట్టిన పద్ధతి అది. మంచి పద్ధతే. పాడుచేసింది నేను.

ఒక ఊరి కమిటీకి పెద్ద ఒక ముసలి మేస్త్రి. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం సైకిలు తొక్కుకుంటూ నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. నేనేమో బస్టాండు దగ్గర సోడా అంగట్లో కూర్చుని టీవీలో క్రికెట్ చూస్తున్నాను.

"సార్, గట్టి నేల తగల్లేదని ఇంగా మూడడుగులు దిగినాము. మీరొచ్చి టేపు పట్టుకుంటే పని సాగుతాది. కూలోళ్లు కాచుకోనుండారు."

"ఏమప్పా, ఈ ఎండలో యాడికి రావల్ల? పునాది కట్టి పూడ్చేయండి. నేను రాసుకుంటాలే."

మ్యాచ్‌లో మనవాళ్లు ఓడిపోయారు. ఆ చిరాకులో మూడడుగుల సంగతి మరిచిపోయి, డ్రాయింగులో ఉన్న లోతే పుస్తకంలో ఎక్కించాను. మేస్త్రికి చదువు రాదు. నన్ను నమ్మి వేలిముద్ర వేశాడు.

నెల తర్వాత, కూలి తక్కువొచ్చిందని ఊరివాళ్లు బడి వరండాలో పంచాయితీ పెట్టారు. మా పైఅధికారి కూడా వచ్చారు. మూడడుగులు ఎక్కువ దిగామని వాళ్లంటే, మరి కొలవకుండా ఎందుకు పూడ్చారని ఆయన అడిగారు. మేస్త్రి నావైపు చెయ్యి చూపించాడు.

"ఈ సారే పూడ్చమన్న్యాడు."

ఉద్యోగం ఎక్కడ ఊడుతుందోనని భయపడ్డాను. "నేనట్లా అనలేదు" అన్నాను.

మేస్త్రి నాతో గొడవ పడలేదు. ఊరు మాత్రం అతన్ని వదల్లేదు. "మా కష్టమంతా మట్టిపాలు చేస్తివి కదప్పా" అంటూ అక్కడికక్కడే కమిటీలోంచి తీసేశారు.

మర్నాటి నుంచి అతనూ అతని భార్యా గడ్డపార, పార పట్టుకుని చెక్‌డ్యాం గోడ పక్కనే పునాది అడుగుదాకా తవ్వారు. మూడు రోజులు పట్టింది. కబురు పెడితే వెళ్లి ఆ గుంతలోకి దిగాను. టేపు రెండో కొస అతనే పట్టుకున్నాడు. సరిగ్గా మూడడుగులు ఎక్కువే ఉంది. పుస్తకంలో సరిదిద్దాను, కూలీలకు రావలసింది వచ్చింది.

గుంతలోనే అడిగాడు. "నేను అబద్ధం చెప్పలేదని నలుగురిలో ఒక్కసారి చెప్పండి సార్. ఇంగేం వద్దు నాకు."

చెబుతానన్నాను. చెప్పలేదు. అతన్ని మళ్లీ ఎవరూ కమిటీలోకి పిలవలేదు. ఆ ఊరి మీదుగా పోవాల్సి వస్తే చుట్టుతిరిగి పోయేవాణ్ణి. అంత సిగ్గు.

కొన్నేళ్లకు, రెండువేల దశకం మధ్యలో, అనంతపురంలో కొత్త ఇంజినీర్లకు పాఠం చెప్పే పని పడింది. ఇకముందు కొలతల లెక్కలు కంప్యూటర్లే కడతాయనీ, కట్టించేవాడూ కట్టేవాడూ కొలిచేవాడూ ఒకే ఒప్పందంలో ఒక ఇంటి మనుషుల్లా పనిచేసే రోజులొస్తాయనీ గంటసేపు దంచాను. వెనక వరసలో ఒక అమ్మాయి లేచింది.

"సార్, కొలవకముందే పూడ్చేసి, మీరే పూడ్చమన్నారని మేస్త్రి అంటే ఏం చేయాలి?"

"రాతలో లేని మాట నమ్మొద్దు" అన్నాను. అందరూ తలలు వంచుకుని రాసుకున్నారు.