బురుజు మీద కొరికిన మామిడికాయ

బురుజు అనే మాట ఈ మధ్యే పుస్తకంలో చదివి మనసు పడ్డాను. అసలైన బురుజును చూడాలని ఈ రోజు మణుగూరు దాటి, గుట్టమీద ఉన్న మా క్లాస్‌మేట్ జానకి వాళ్ల ఊరికి వెళ్లాను. ఊరి చివర పాతకాలపు రాతి బురుజు, దాని పక్కనే విరగకాసిన మామిడిచెట్టు. బురుజు పైకెక్కి కూర్చుని, బస్టాండులో కొన్న మామిడికాయను ఉప్పూకారం అద్ది కొరికాను.

"ఉమ్మెయ్ బిడ్డా! జల్దీ ఉమ్మెయ్!"

కింద నుంచి జానకి వాళ్ల తాత కేక. వెంటనే ఉమ్మేశాను.

ఆ ఊళ్లో ఇంకా మామిడికాయ పండుగ కాలేదట. దేవరకు పెట్టందే కొత్త కాయ ఎవరూ నోట పెట్టరట. ఆ పండుగ చేసే పూజారి ఈ తాతే. చెట్టుకింద రాలిన కాయల్ని పిల్లలు దాటుకుంటూ పోతున్నారు! మా వీధిలో అయితే చెట్టుకు ఆకు కూడా మిగలదు.

"ఇది మీ ఊరి కాయ కాదు తాతా, కొనుక్కొచ్చిన."

"యాడ కొంటే ఏంది? నా ఇంటికొచ్చిన పిల్లనే ముందు తిన్నదంటే, రేపు నా మాట ఎవలింటరు? పండుగయ్యేదాక ముట్టనని చెప్పు."

"ముట్టను తాతా."

"అవ్, గట్లుండాలె. పండుగకు రా, కడుపునిండ తిందువు."

ఇంటికొచ్చేసరికి అమ్మ మామిడికాయ పప్పు వండి పెట్టింది. నేను వద్దంటే, "నువ్వు తింటే గుట్టమీదోళ్లకు ఏం తెలుస్తదే?" అని ఒకటే పోరు. పెరుగన్నం తిని లేచాను కానీ, పప్పు వాసన ఇంకా వదలడం లేదు. నిజం చెప్పండి, మీరైతే తినేవారా?