పడుగు కొస వదిలేసిన రోజు

పడుగు కొసన, నిలువు పోగుల్ని బిగించే గడ పట్టుకోవాల్సిన నేను, దాన్ని వదిలేసి ఆకాశం చూస్తూ నిలబడ్డాను. తొంభైల్లో ఒక వేసవి, బెంగళూరులో మేముండే నేతగాళ్ల వీధిలో.

అక్కది ఒంటి మగ్గం. బావ పోయాక దాని మీదే ఇల్లు నడిపేది. పట్టు పడుగును వీధి పొడవునా సాచి గంజి పట్టించే పని మేం తెల్లవారుజామునే చేసేవాళ్లం. ఎండెక్కితే గంజి బిగుసుకుని పోగులు తెగుతాయి. పొద్దున్నే వస్తానని మాటిచ్చిన నేను నిద్రపోయి, మధ్యాహ్నం దాటాక వెళ్లాను.

"ఇప్పుడేంటికప్పా? ఆకు కదల్లేదు, ఉక్కపోస్తా ఉండాది. రేపు చేద్దాం," అంది అక్క.

"బిరబిరా అయిపోతాదిలే అక్కా," అని నేనే పట్టుబట్టి సాచించాను.

సగం గంజి పట్టిందో లేదో, తూర్పున మబ్బు నిలువుగా లేచి నల్లబడింది. చల్లగాలి ఒక్కసారిగా కొట్టింది. మబ్బు అడుగు నుంచి సన్నటి తోక దిగింది. వీధి చివరి ఖాళీ స్థలంలో ఎర్రమన్ను గిర్రున తిరుగుతూ పైకి లేచి దాన్ని అందుకుంది. రోజుల తరబడి కాగిన నేల మీది తేమగాలి పైకి ఎగబాకుతుంటే, వాన మబ్బులోంచి దిగిన చల్లగాలి పక్కనుంచి తోసి దాన్ని తిప్పిందట. ఇది తర్వాత చదివి తెలుసుకున్నాను. టోర్నడోలనే సుడిగాలుల్లో ఇది బలహీనమైనదే. అయినా ఒక షెడ్డు రేకుల్ని విస్తరాకుల్లా లేపింది. అంత అందమైనదాన్ని మళ్లీ చూడలేదు. చేతిలో గడ ఎప్పుడు జారిందో తెలియదు.

అక్క ఆ సుడివైపు చూడనే లేదు. తన వైపు కట్టు విప్పి, పడుగును నేలకు దించి, దాని మీద బోర్లా పడుకుంది. సుడిగాలి ఆమె మీదుగా పోయింది. ఆమె ఒంటి కింద ఉన్నంత మేరా పడుగు నిలిచింది. నా వైపుది చిక్కుపడి తెగిపోయింది.

అక్క ఒళ్లంతా గంజి, ఎర్రమట్టి. లేచి కూర్చుని, "నీకంటే ఆ గాలే మేలప్పా! వచ్చింది, దాని పని అది చేసుకుని పోయింది," అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

మర్నాటి నుంచి ఆమె ఎదుట కూర్చుని తెగిన పోగులు అతికాను. నేను వేసే ముడులు లావుగా వచ్చేవి. ఆమె విప్పేసి మళ్లీ వేయమనేది. ఆ పడుగు మగ్గమెక్కేదాకా నా వేరే పనులన్నీ పక్కనబెట్టాను. రెండువేల సంవత్సరం దాటాక ఆమె నేత మానే వరకూ, ప్రతి పడుగుకూ చీకటుండగానే వెళ్లి నా కొస పట్టుకున్నాను. గడకు తాడు కట్టి, ఆ తాడు నడుముకు చుట్టుకునేవాణ్ణి.