కాగితాలకు ముందే వచ్చిన రైడర్

సౌదీలోని యాన్బులో మా కబడ్డీ జట్టు దగ్గర డబ్బు ఉండేది కాదు. అందుకే ఆటగాళ్లను పని ఆశ చూపి తెచ్చుకునేవాళ్లం. జట్టు ఖర్చులు భరించే హైదరాబాదీ షాపు యజమాని తన దగ్గర పని ఇస్తాననేవాడు. ఫోన్ చేసి ఒప్పించడం నా వంతు.

అల్ ఖర్జ్‌లోని ఒక డెయిరీలో కడప మనిషి ఉన్నాడనీ, కూతకు వెళితే ఎవరూ పట్టలేరనీ విన్నాను. "నీకు వీసా ఇచ్చిన యజమాని, ఆ కఫీల్, విడుదల కాగితం ఇవ్వకపోయినా వచ్చెయ్. ఇక్కడ షాపు యజమాని పేరు మీదికి మేం మార్పిస్తాం," అని చెప్పాను. నా మాట నమ్మి వచ్చేశాడు.

మూడో ఆటలోనే అతని మోకాలు దెబ్బతింది.

"కుంటోన్ని నా పేరు మీద రాయించుకుని ఏం చేస్కోవాలె భాయ్? ఇంకోన్ని చూడు," అన్నాడు షాపు యజమాని.

అప్పటికే పాత కఫీల్ అతను పారిపోయాడని సర్కారుకు ఫిర్యాదు చేసి హురూబ్ పెట్టేశాడు. కొద్దిరోజులకు పోలీసులు తనిఖీలో పట్టుకుని, ఇంటికి పంపేవాళ్లను ఉంచే కేంద్రానికి తీసుకెళ్లారు. అక్కడ వేలిముద్రలు పడ్డాయంటే మళ్లీ ఇక్కడ పని దొరకదు.

అక్కడి నుంచి ఒకసారి ఫోన్ చేశాడు. తిడతాడనుకున్నాను.

"అన్నా, శుక్రవారం ఆట గెలిచినారా?"

"గెలిచాం."

"నేను లేకుండానే? అయితే నాకంటే మంచోడు దొరికినాడులే," అని నవ్వాడు.

ఆ శుక్రవారం మేం ఆడనే లేదు. అతనికి జరిగింది విన్నాక ఎవరూ రాలేదు. మైదానానికి నేనొక్కణ్నే వెళ్లాను.