సీత్లా పండుగనాడు దుంకిన సైకిళ్లు

నా పేరు ఖలీల్. మానుకోట స్టేషన్ కాడ ట్రాలీ ఆటో నడుపుత. అందరి ఆటోల సిమెంటు బస్తాలు, బీరువాలు ఎక్కుతయి, నా ఆటోల సైకిళ్లు ఎక్కుతయి. మామూలు సైకిళ్లు అనుకునేరు! లావు టైర్లు, ముందటొక స్ప్రింగు, ఎనకొక స్ప్రింగు. తొక్కెటోళ్లకు మోకాళ్లకు డొప్పలు, మొకం మొత్తం కప్పే హెల్మెట్లు. మొదటిసారి సూసినప్పుడు బాంబులు తీసే పోలీసోళ్లేమో అనుకొని దూరం జరిగిన. వీళ్లంత హైదరాబాద్‌ల రైలెక్కి పొద్దుగాల ఈడ దిగుతరు. గూడూరు అవుతల తండాకు, నన్ను అన్నా అనే లంబాడి పిల్ల చాందీ కాడికి పోతరు.

చాందీ పెనిమిటి బోరు లారీ మీద ఊర్లు పట్టుకొని తిరుగుతడు. ఇంట్ల ఆమె, అత్త మోతీబాయి, బర్లు, మేకలు. చాందీ గుట్ట మీద గడ్డి కోసి, మోపు క్యారియర్‌కు కట్టి, బ్రేకుల్లేని పాత సైకిల్ మీద చెప్పుకాలు టైరుకు ఆనిచ్చుకుంట నిటారు దారిల జర్రున దిగేది. ఒకనాడు కృపాకర్ అనే సాఫ్ట్‌వేర్ సారు ఆ గుట్టల దారి తప్పి గది సూసిండు. నోరు తెరుసుకొని నిలబడ్డడట. "అక్కా, గీ దారి మాకు గూడ సూపెడ్తవా?" అని అడిగిండు. గంతే, అప్పటిసంది గుంపులు గుంపులు వస్తనే ఉన్నరు. ఈమెకు గూడ ఒక లావు టైర్ల సైకిల్ తెచ్చిచ్చిండ్రు. గుట్ట కింద చాందీ సొంతంగ మట్టి దిబ్బ పోసి దుంకుడు తయారు చేసింది. పైనుంచి జోరుగ వచ్చి దిబ్బెక్కితే సైకిల్ గాల్ల లేసి అవుతల పడ్తది. నేనైతే ఆటో ఎనకకు పోయి నిలబడ్త.

మోతీబాయికి ఇదంత అస్సలు నచ్చకపోయేది. "ఇది కోడలా, కోతా?" అని నా ముంగటనే తిట్టేది. చాందీ సైకిలెక్కిందంటే ముసల్ది మొకం తిప్పుకునేది. "బొక్కలిరిగితే దవాఖానకు ఎవడు మోస్తడు, ఖలీలూ?" అంటే, "నా ఆటో లేదా అవ్వా" అనేటోన్ని. ఇగ మిగిలిన తిట్లు నాకు పడేటియి. చాందీ పకపక నవ్వేది. "అన్నా, గుట్ట దిగుతుంటే నాకు ఎవ్వలు యాదికి రారు, మా ఆయన గూడ" అనేది.

మొన్న ఆషాఢంల సీత్లా పండుగొచ్చింది. పశువులకు రోగాలు రావొద్దని లంబాడోళ్లు దేవతకు మొక్కి, మేకను కోసి, దాని పేగు బాటకు అడ్డంగ పరుస్తరు. తండాల పశువులన్నిటిని దాని మీదికెంచి దాటిస్తరు. ఏటా తూర్పు బాటల చేస్తరు, గుట్ట దిక్కు ఎవ్వలు రారు. గందుకే చాందీ కృపాకర్ వాళ్లను రమ్మన్నది. "పొద్దుగాలనే తొక్కిచ్చి పంపుత, పండుగకు అందుకుంట" అని నాతోని స్టేషన్‌కు వచ్చింది. ఆమె ఇటు రాంగనే అటు తండా పెద్ద రెడ్యా నాయక్ సూస్తే, వానకు తూర్పు బాటంత బురద. పండుగను గుట్ట కిందికి మార్చిండు. చాందీకి చెప్దామని ఫోన్ చేసేసరికి మేం గుట్టెక్కినం, ఆడ సిగ్నల్ ఉండదు.

సైకిళ్లను పైన దించి, నేను చుట్టు తిరిగి కిందికి వచ్చిన. వచ్చి సూస్తే నా పానం జల్లుమన్నది. దిబ్బ పక్కన ఏడు రాళ్లు, పసుపు, కుంకుమ. ఆడోళ్లు పాటలు పాడుతుండ్రు. పేగు సరిగ్గ దిబ్బకు అవుతల పరిచిండ్రు. బర్లను తోల్కొస్తుండ్రు. "ఆగుండ్రి!" అని నేను ఒర్లేలోపల్నే కృపాకర్ దిబ్బెక్కి, గాల్ల లేసి, పేగు మీదికెంచి పోయి అవుతల దిగిండు. ఆయనెనక ఇంకొకడు. వానెనక ఇంకొకడు. బర్లు బెదిరి తలా ఒక దిక్కు ఉరికినయి. పాట ఆగిపోయింది. పడ్డోళ్లను లేపెతందుకు చాందీ ఎప్పుడు అందరికన్న ఎనక వస్తది. దిబ్బ కాడికొచ్చి, సూసి, బ్రేకులు పట్టి ఆగింది. మొకంల నెత్తురు సుక్క లేదు.

"పశువులకన్న ముందు వీళ్లు దాటుతరా?" రెడ్యా నాయక్ అగ్గి మీద గుగ్గిలం అయిండు. "ఇయ్యాల్టితోని గీ సైకిళ్లు బంద్! పారలు తేండ్రి, దిబ్బ పీకుండ్రి!"

"నాయకా, తప్పు నాది. నన్ను ఎంతన్న తిట్టు, దిబ్బ మాత్రం పీకకు" అని చాందీ ఆయన కాళ్లు పట్టుకున్నది. ఎవ్వల ముంగట తల వంచని పిల్ల! నాకు దుఃఖమొచ్చింది. కృపాకర్ హెల్మెట్ తియ్యకుండనే ఏందో మాఫీ అడుగుతుండు, ఒక్క ముక్క సమజైతలేదు. ఒకడు దిబ్బ మీద పార ఏసిండు.

"ఆగురా!" మోతీబాయి ముంగటికొచ్చింది. "రెడ్యా, పేగు ఎందుకు పరుస్తం? దాటినయి సల్లగుండాలనే గదా? వీళ్లు దాటిండ్రు. ఒక్కడన్న పడ్డడా? దాటినయన్ని అమ్మ మందనే. అమ్మ మందల కలిసినోళ్లను ఎల్లగొట్టే మొగోడివా నువ్వు?"

రెడ్యా నెత్తి గోక్కున్నడు. పార పక్కకు పెట్టుమని చెయ్యి ఊపిండు. పార ఆగింది. ముసల్ది చాందీ దిక్కు మర్రింది.

"ఏందే, మంద దాటినంక కాపరి ఇవుతల్నే ఉంటదా? పో, ఎక్కు."

"అత్తా, నువ్వేనా అనేది?"

"ఇంకెవలు? జల్ది పో."

చాందీ కండ్లు తుడుసుకొని సైకిల్ నూక్కుంట గుట్టెక్కింది. ఆడోళ్లు మల్ల పాటెత్తుకున్నరు. చున్నీ నడుముకు బిగిచ్చి, దుమ్ము లేపుకుంట వచ్చింది సూడుండ్రి! దిబ్బెక్కింది, లేసింది, పేగు దాటి అవుతల మెత్తగ దిగింది. తండాకు తండా కేక పెట్టింది. రెడ్యా నాయక్ గూడ ఈలేసిండు. నేను యా అల్లా అనుకుంట ఎగిరిన.

మోతీబాయి దగ్గరికి పోయి కోడలి చెంపలు రెండు చేతుల పట్టుకున్నది.

"భయమై కండ్లు మూసుకున్న బిడ్డా, సూడనే లేదు" అన్నది. "మల్లొక్కసారి దుంకు."