బండి ముందు ఎత్తిన చేతులు

ఫిబ్రవరి మూడో వారం, ఉదయం ఆరూ నలభైకి జర్మనీలో, బవేరియా అడవిలోని శిక్షణ మైదానంలో దిగాను. మైనస్ పదకొండు డిగ్రీలు. మోకాలి దాకా మంచు. వీపున ముప్పై కిలోల సంచి, ఒంటి మీద అమెరికా సైన్యం యూనిఫాం, లోపల నల్గొండ ప్రాణం. పౌరసత్వం త్వరగా వస్తుందని సైన్యంలో చేరినవాణ్ని. దాచడమెందుకు?

నన్ను వేసింది ఎనిమిది చక్రాల కవచ వాహనం మీద. బరువు పంతొమ్మిది టన్నులు. డ్రైవర్, గన్నర్, రేడియో దగ్గర నేను.

అప్పుడు అమెరికాలో ఇళ్ల ధరలు ఆకాశంలో, జనం వీధుల్లో. డ్రైవర్ తమ్ముడు పోలీసు. గన్నర్ అక్క నిరసన ఊరేగింపుల్లో ముందు వరుస. ఒకరోజు తిండి దగ్గర మాటా మాటా పెరిగింది. ఇద్దరూ మాట్లాడుకోవడం మానేశారు. అలిగిన మొగుడూ పెళ్లాల మధ్య కబుర్లు మోసే పిల్లాడి పని నాకు పడింది.

"నూనె చూశానని వాడికి చెప్పు."

"విన్నానని చెప్పు."

ఇద్దరి మధ్య దూరం రెండు గజాలు.

అదే బవేరియాలో, ష్వైన్‌ఫర్ట్ ఊళ్లో మాస్టర్స్ చదివే మా పిన్ని కూతురు ఫోన్ చేసింది. "అన్నా, మీ అమెరికాల కొట్లాటలంట గదా. మీ బండ్ల గూడనా?"

"మా బండ్ల మాటల్లేవ్. నేనే పోస్ట్‌మ్యాన్‌ని."

"మధ్యల నువ్వు నలుగుతవ్, పైలం!"

నవ్వేశాను.

తొమ్మిదో రోజు, ఉదయం ఏడూ పదికి స్థలం మారమని ఆర్డర్ వచ్చింది. బండి వెనక్కి తీయాలంటే ఒకరు దిగి, వెనకంతా చూసి, డ్రైవర్‌కు ఎదురుగా నిలబడి చేతులతో సైగ చేయాలి. అది తప్పనిసరి నియమం. వెనక కెమెరా మీద మంచు పేరుకుంది.

"గన్నర్‌ని సైగకు నిలబడమను" అన్నాడు డ్రైవర్.

నాకు విసుగెత్తింది. సరేనన్నాను గానీ చెప్పలేదు. వాళ్లే చూసుకుంటారులే అని హెడ్‌సెట్ తీసేసి, బండి వెనక యాంటెనా తాళ్ల మేకులు పీకుతూ కూర్చున్నాను. ముందు గన్నర్, బండి కనపడకుండా చెట్టుకు కట్టిన వల దించడానికి చేతులెత్తాడు. డ్రైవర్ అదే సైగనుకున్నాడు. పిలిచి అడగొచ్చు. అడగలేదు. గేరు వేశాడు.

చక్రం నా మీదికొచ్చింది. కాలు మంచులో ఇరుక్కుంది. "ఆపుర్రి! ఆపుర్రి!" అని తెలుగులో అరిచాను. అవతల గన్నర్ గొంతు వినిపించింది. డ్రైవర్‌ని పేరు పెట్టి పిలుస్తున్నాడు. వల వదిలేసి, బండి ముందుకు ఉరికి, రెండు చేతులూ తల మీద అడ్డంగా పెట్టాడట.

బండి ఆగింది. చక్రానికీ నా మోకాలికీ జానెడు.

డ్రైవర్ దిగాడు. ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

"తప్పు నాది. నీ మాట నేను చేరవేయలేదు" అన్నాను.

అతను గన్నర్ వైపే చూశాడు. "ఇకనుంచి ఏదైనా నన్నే అడుగు."

"నువ్వూ అంతే" అన్నాడు గన్నర్. "ఎక్కు."

తర్వాత కూడా తిట్టుకున్నారు. కానీ ముఖాముఖి తిట్టుకున్నారు. వింటుంటే నాకెంత హాయిగా ఉండేదో!

ఏడు నెలలకు టెక్సస్ తిరిగొచ్చి యూనిఫాం విడిచాను. మా వీధిలో ఇంటికో పార్టీ బోర్డు. ఎవరిది రైటని ఇక్కడా అడుగుతారు, నల్గొండలోనూ అడుగుతారు. నాకు తెలియదు. వాళ్లిద్దరి పుణ్యాన రెండు కాళ్ల మీద నడుస్తున్నాను, అది తెలుసు.

ఆ ఉదయం బండి ఆగాక గన్నర్ నన్ను పక్కకు లాగి, బండి చుట్టూ తిరిగి చూసి, ఈసారి నిజంగా సైగ చేయడానికి ముందుకెళ్లాడు. ఇప్పటికీ కళ్లు మూస్తే అదే. తెల్లటి మంచులో, ఊరేగింపుల్లో నడిచే అక్కకు తమ్ముడు ఎత్తిన చేతులు. వాటి మీదే రెప్ప వాల్చని, పోలీసు తమ్ముడికి అన్న కళ్లు.