అమ్మ పొందిన రెండు బాప్తిస్మాలు

మొన్నొక ఆదివారం మా మేనకోడలి కూతురు బాప్తిస్మం తీసుకుంటోందంటే, విమానాశ్రయం దారిలో కొత్తగా కట్టిన పెద్ద మందిరానికి వెళ్ళాను. పాటలయ్యాక వేదిక వెనక తెర పక్కకు జరిగి గాజు గోడల తొట్టి ఒకటి కనిపించింది. లోపల నీలం పలకలు, దిగడానికి మెట్లు, పట్టుకోవడానికి స్టీలు కడ్డీ. నీళ్ళు గోరువెచ్చగా ఉంటాయని, పిల్లలకు జలుబు చెయ్యకుండా పొద్దున్నే కాచి ఉంచారని పక్కనున్నావిడ మెచ్చుకోలుగా చెప్పింది. పిల్ల దిగింది, మునిగింది, లేచింది, అందరం చప్పట్లు కొట్టాం. పావుగంట తిరక్కముందే తల ఆరబెట్టుకుని బిర్యానీ వరుసలో మాకంటే ముందు నిలబడింది. నేను మాత్రం పళ్ళెం చేత్తో పట్టుకుని ఎక్కడో ఉండిపోయాను. మా అమ్మ డెబ్బై ఏళ్ళ వయసులో, పొలంలో బోరు నీళ్ళు నింపుకునే సిమెంటు హౌజులో, తెల్లచీర కట్టుకుని వణుకుతూ నిలబడిన పొద్దు మెల్లగా తేలుతూ నా కళ్ళముందుకు వచ్చింది.

మాది శంషాబాద్ బజారులో గాజుల దుకాణం. నాయన పోయాక నేనూ అమ్మా నడిపాం. అటు బట్టల కొట్టు, ఇటు ఇత్తడి సామాను, ఎదురుగా కిరాణా, వాటి మధ్య పెరిగినదాన్ని కాబట్టి ఎవరేం చెప్పినా అందులో కొంత తీసేసి వినడం నాకు చిన్నప్పుడే అలవాటైంది. పెళ్ళిచూపుల్లో మావారు తన వయసు చెబితే మాత్రం తీసెయ్యకుండా రెండేళ్ళు కలుపుకుని విన్నాను, తరువాత చూస్తే అదే సరైనదని తేలింది. బేరం కుదరని వస్తువు లోకంలో లేదని, కుదరలేదంటే ఇద్దరిలో ఒకరికి మాట్లాడడం చేతకాలేదని అర్థమని, నాకు యాభయ్యోపడి దగ్గర పడేదాకా గట్టిగా నమ్మాను.

మేము పాత మిషను గుడి వాళ్ళం. పసిబిడ్డగా ఉన్నప్పుడే అయ్యగారు ఒళ్ళోకి తీసుకుని నెత్తిమీద మూడుసార్లు నీళ్ళు చిలకరిస్తే మాకు బాప్తిస్మం అయిపోయినట్టే. మోకరించే చోట మోకరించి, పుస్తకంలో ఉన్న ప్రార్థన ఉన్నట్టు చదివి, ఇంటికొచ్చి అన్నం తినేవాళ్ళం. దేవుడొక్కడే గానీ ఆయన దగ్గరికి వెళ్ళే వాళ్ళలో ఎన్ని రకాలున్నాయో నాకు గుడిలో కంటే దుకాణంలోనే బాగా తెలిసింది. కతోలికుల ఆడవాళ్ళు మరియమ్మ పండుగకు నీలం గాజులు తొడిగించుకునేవారు, జపమాల తెగితే పూసలు గుచ్చిమ్మని నాకే ఇచ్చేవారు. శనివారం ఆరాధన చేసేవాళ్ళు ఆదివారం పొద్దున బజారుకొచ్చి, మేమంతా గుడికి పోయి దుకాణం మూసి ఉంటే విసుక్కునేవారు. ఇంకొక కుటుంబం క్రిస్మస్ చెయ్యమని వాక్యంలో ఎక్కడుందని నన్నే నిలదీసి, డిసెంబరంతా మా గడప తొక్కేది కాదు. ఒకరి దగ్గర ఫాదరు, ఒకరి దగ్గర అయ్యగారు, ఒకరి దగ్గర బ్రదరు. ఒకరికి వందనాలు, ఒకరికి ప్రైజ్ ద లార్డ్. ఎవరు గడపలోకి వస్తే వారి పలకరింపు పలకడం నేర్చుకుని, ఆ తెలివికి నాలో నేనే మురిసిపోతూ ఉండగా, ఒకరోజు కంగారులో శనివారం ఆమెకు హ్యాపీ సండే అనేశాను. ఆమె మళ్ళీ రాలేదు.

విమానాశ్రయం తెరిచిన తరువాత మా ఊరి గాలే మారిపోయింది, మీలో ఆ వైపు తిరిగినవారికి తెలిసే ఉంటుంది. పొలాలు ప్లాట్లయ్యాయి, కార్లు వరసకట్టాయి, ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చి గదులు కిరాయికి తీసుకున్నారు. అలాగే కోస్తా నుంచి ఒక పడుచు పాస్టరు వచ్చి సరిగ్గా మా దుకాణం మేడమీద ప్రార్థన మందిరం పెట్టాడు. వాళ్ళు ముంపు బాప్తిస్మం వాళ్ళు. ఊహ తెలిసి, సొంతంగా నమ్మి, నిండా మునిగితేనే బాప్తిస్మమని, చిలకరింపు చెల్లదని వారి విశ్వాసం. చేతులెత్తి పెద్దగా ప్రార్థించేవారు, ఏడ్చేవారు, మాకు తెలియని భాషల్లో పలికేవారు. నాకు అన్నిటికంటే గుబులు పుట్టించిన సంగతి వేరే ఉంది, వాళ్ళ ఆడవాళ్ళు నగలు పెట్టుకోరు, గాజులు వేసుకోరు. కింద గాజుల దుకాణం, మీద గాజులు తీసేసే మందిరం. దేవుడికి హాస్యం తెలియదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

అమ్మ మొదట్లో కింద స్టూలు మీద కూర్చునే పైనుంచి వచ్చే పాటలు వినేది. కొన్నాళ్ళకు శుక్రవారం ఉపవాస ప్రార్థనలకు మెట్లెక్కడం మొదలుపెట్టింది. ముసలితనంలో కాలక్షేపమనుకుని ఊరుకున్నాను. ఒకనాడు మధ్యాహ్నం, గిరాకీ లేని వేళ, గాజులు దారానికి గుచ్చుతూ, తాను ముంపు తీసుకుంటానని చెప్పింది.

ఎందుకని అడగకపోతే నేను నేనే కాను, అడిగాను. అప్పటిదాకా నాకు తెలియని సంగతి ఒకటి ఆ మధ్యాహ్నం తెలిసింది. అమ్మ బుద్వేల్ దిక్కున ఒక హిందూ రైతు కుటుంబంలో పుట్టింది. నాయన గాజుల మూట భుజాన వేసుకుని ఊళ్ళు తిరిగేవాడు, అలా తిరుగుతూ ఆమె చేతికి గాజులు తొడిగి, తరువాత పెద్దల్ని పంపి పెళ్ళి చేసుకున్నాడు. పెళ్ళినాటి పొద్దున నలుగు పెట్టి స్నానం చేయించాక అమ్మను గుడికి తీసుకెళ్ళి నిలబెడితే, అప్పటి అయ్యగారు ఏవో ప్రశ్నలు అడిగాడట, కొత్తపిల్ల సిగ్గుపడుతోందని జవాబులన్నీ మా నాయనమ్మే చెప్పిందట, ఆ వెంటనే నెత్తిమీద నీళ్ళు పడ్డాయట. అమ్మ దాన్ని మంగళస్నానంలో మిగిలిపోయిన ముక్క అనుకుంది. ఇటువైపు వాళ్ళు ఇలా కూడా పోస్తారు కాబోలనుకుని తల తుడుచుకుంది. అదే బాప్తిస్మమని, తాను ఆ రోజుతో క్రైస్తవురాలైందని, నేను పుట్టి నాకు చిలకరించేటప్పుడు గానీ ఆమెకు తెలియలేదు.

“నీళ్ళయితె వడ్డయి గని, నన్నెవ్వలడిగిండ్రు బిడ్డా? అన్నిటికీ మా అత్తనే సై అన్నది. ఇగ గిప్పుడన్న నా నోటితోని నేను చెప్త” అంది అమ్మ.

చెప్పుకోవచ్చు, ఎవరొద్దన్నారు. చిక్కు ఎక్కడొచ్చిందంటే, మా గుడి కట్టుబాటు ప్రకారం రెండోసారి బాప్తిస్మం తీసుకున్నవారి పేరు సభ్యుల పుస్తకంలోంచి తీసేస్తారు, పేరు లేనివారికి గుడి వెనక సమాధుల తోటలో చోటుండదు. ఆ తోటలో గోడవార నాయన ఉన్నాడు. ఆయన పక్కన అమ్మకోసం ఒక మనిషి పట్టేంత నేల విడిచిపెట్టి ఉంది. ఇప్పుడు ముంపు తీసుకుంటే అమ్మ ఆ నేల వదులుకోవాలి, తీసుకోకపోతే యాభై ఏళ్ళుగా ఆమె నోట్లోనే ఉండిపోయిన ఆ మాట ఆమెతోనే పోతుంది.

ఇలాంటి సమయానికే గదా నన్ను కన్నది అనుకుని బేరానికి బయలుదేరాను. ముందు మేడమీదికి వెళ్ళి పాస్టరుతో, ముసలామె, చన్నీళ్ళు పడవు, పాత చిలకరింపునే లోపల కలుపుకుని పైపైన ఇంకాస్త నీళ్ళు పోసి సరిపెట్టమన్నాను. ఆయన నవ్వకుండా ఉండడానికి చాలా కష్టపడ్డాడు. “అమ్మా, బాప్తిస్మం అంటేనే మునగడమండి. సగం మునగడం అనేది ఉండదండి” అన్నాడు. నడుందాకా అయితేనో అని నేను అడిగిన మాట నిజం. అక్కడ ఇంత మాట్లాడి నేను సాధించుకొచ్చిందల్లా అమ్మ చేతికున్న రెండు మట్టిగాజులు. నాయన పోయేముందు వాటిని తియ్యొద్దని చెప్పి పోయాడని వివరిస్తే, బంగారం కాదు కదా, ఉండనివ్వండి అన్నాడు.

తరువాత గుడికి వెళ్ళి అయ్యగారిని పట్టుకున్నాను. దాన్ని బాప్తిస్మం అనుకోకుండా ముసలామె ఎక్కడో స్నానం చేసిందనుకోమన్నాను. ఆయన మాకు ఎన్నో ఏళ్ళుగా తెలిసిన మనిషి, నాయనను మట్టిలో పెట్టినాయన. కళ్ళజోడు తీసి చాలాసేపు తుడిచాడు. “బాప్తిస్మం ఒక్కసారే తల్లీ. రెండోసారి తీసుకునుడంటే మొదటిది ఉత్తదే అని చెప్పుడే గద. మరి గా మాటకు నేను ఊ అంటె, నేను నీళ్ళు చల్లిన పిల్లలందరి సంగతేంది?” అన్నాడు. ఇద్దరూ మంచివాళ్ళే, ఇద్దరిలో ఒక్కరూ అబద్ధం ఆడడం లేదు, ఇద్దరూ ఒక్క చుక్క తగ్గడం లేదు. దుకాణంలో ఇలాంటి గిరాకీ నాకెప్పుడూ తగల్లేదు.

చివరికి అమ్మతోనే, ఎవరికీ చెప్పకుండా జల్‌పల్లి వైపు ఎక్కడైనా గుట్టుగా కానిచ్చి వద్దామన్నాను. అమ్మ నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది.

“దేవుని తాన గుడ నీ దుకాణం తెలివేనా? నలుగురి ముంగట చెప్పనీకే గద నేను పొయ్యేది.”

తరువాత మూడు రోజులు అమ్మ వచ్చినవాళ్ళ చేతులు సబ్బునురగతో తడిపి గాజులు తొడుగుతూ, మధ్యమధ్యలో ఊరికే గుడి వైపు చూస్తూ ఉండేది. నాలుగోనాడు తలుపులు తెరుస్తూ, “మీ నాయన పక్కన నలభై ఏండ్ల పైననే ఉన్న. ఇగ జర దూరముంటె ఆయనేం అనుకోడు తియ్యి” అంది. నేను తాళంచెవులు వెతుక్కుంటున్నట్టు అటు తిరిగాను.

విమానాశ్రయం తెరిచి అప్పటికి రెండేళ్ళయి ఉంటుంది. చలికాలం పొద్దు. విశ్వాసుల్లో ఒక రైతు పొలంలో హౌజు నింపారు. మంచు ఇంకా తెల్లగా నేలమీదే ఉంది, జొన్నచేను చివర్లు మాత్రం దానిపైన తేలుతున్నట్టు కనబడేవి, తెల్లచీరల ఆడవాళ్ళు పాడుతుంటే ఆ పాట వాళ్ళ నోళ్ళలోంచి కాక మంచులోంచే వస్తున్నట్టుండేది. నీళ్ళమీద సన్నగా ఆవిరి. అమ్మ ఒక్కో మెట్టూ దిగి గుండెలదాకా నీళ్ళలో నిలబడింది. అంత చిన్నగా ఆమెను నేనెప్పుడూ చూడలేదు, పెళ్ళికి ముందటి పిల్లలా ఉంది. పాస్టరు ఆమె వీపు వెనక చెయ్యివేసి, యేసు ప్రభువును నీ సొంత రక్షకుడిగా నమ్ముతున్నావా అని అడిగాడు. అమ్మ పెదవులు కదిలాయి. సరిగ్గా అప్పుడే విమానమొకటి చక్రాలు చాపుకుని మా తలల మీదుగా దిగింది, దాని నీడ చేనుమీద పాకి హౌజు దాటి పోయింది, మోత తప్ప మరేమీ వినబడలేదు. పాస్టరు మాత్రం సరేనన్నట్టు తలూపి ఆమెను వెనక్కి వంచబోయాడు. అమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది.

“ఆగు బిడ్డా, ఇమానం పోనియ్యి. నేనన్నది ఎవ్వలికి ఇనవడలె. మల్లొక్కసారి అడుగు.”

అందరం ఆగాం. మోత పలచబడి పలచబడి చేను అవతల ఆగిపోయేదాకా ఆ నీళ్ళలో ఆమె, చలికి దవడలు కొట్టుకుంటున్నా, కదలకుండా నిలబడింది. పాస్టరు మళ్ళీ అడిగాడు. అమ్మ, దుకాణంలో అవతలి కొట్టుకు వినబడేలా పిలిచే గొంతుతో, “నమ్ముతున్న” అంది. నాయనమ్మ చెప్పిన జవాబులకు యాభై ఏళ్ళ తరువాత ఆమె తన జవాబు చెప్పింది. నేను గట్టుమీద పొడి చీర పట్టుకుని నిలబడి, తరతరాల చిలకరింపు దాన్నయి ఉండీ, ఆ మాటకు నీళ్ళు ఎన్ని ఉండాలన్న సంగతే మరిచిపోయాను.

వారం తిరక్కముందే అయ్యగారు మా దుకాణానికి వచ్చాడు. మామూలుగా ఆయన గాజుకొక్కరూపాయి తగ్గించందే కొనడు. ఆ రోజు ఇంట్లో అయ్యగారమ్మకని డజను గాజులు అడిగి, ఎంతో కనుక్కోకుండా ఇచ్చి, అమ్మకు వందనాలు చెప్పి దిగిపోయాడు. పేరు తీసేశారని నాకు అప్పుడే అర్థమైంది, ఎవరూ విడిగా చెప్పనక్కరలేకపోయింది.

మూడేళ్ళకు అమ్మ వెళ్ళిపోయింది. ఆమె ఇంకా మాట్లాడగలిగినప్పుడే నా చేత మాట తీసుకుంది, తన కోసం గుడిలో అడగొద్దని, తెలిసే తీసుకున్నానని. కొనేటప్పుడూ అమ్మేటప్పుడూ పెళ్ళిళ్ళలోనూ దవాఖానాల్లోనూ ఎక్కడా నోరు మూసుకోని నేను, ఆ ఒక్కరోజు అయ్యగారి గుమ్మం దాకా వెళ్ళి, తలుపు తట్టకుండా తిరిగొచ్చాను. గుడి గంట మోగలేదు. మేడమీద వాళ్ళు తెల్లబట్టలతో పాడుకుంటూ తీసుకెళ్ళి, ఆ హౌజు రైతు ఇచ్చిన మెట్ట చెలకలో ఆమెను పెట్టారు. వాళ్ళు సమాధులమీద కొవ్వొత్తులు వెలిగించరు, పూలు పెట్టరు. అందుకని ఈస్టరు ముందు నాయన దగ్గర కొవ్వొత్తి వెలిగించి, ఆటో ఎక్కి అమ్మ దగ్గరికి వెళ్ళి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కాసేపు కూర్చుని వస్తుంటాను.

ఈ మధ్య మా గుడికి కొత్తగా వచ్చిన అయ్యగారు చాలా చిన్నవాడు. ఇప్పుడెవరూ పుస్తకంలోంచి పేర్లు తియ్యడం లేదట, ముంపు తీసుకున్నవాళ్ళూ వచ్చి మాతోపాటే రొట్టె, ద్రాక్షరసం సంస్కారం పుచ్చుకుంటున్నారు, పిల్లలు పొద్దున ఒక సంఘానికి, సాయంత్రం ఇంకొక సంఘానికి వెళ్ళొస్తున్నారు. అమ్మ సంగతి ఎవరో చెప్పారట, పాపం బాధపడి, ఆ చెలకలోంచి గుప్పెడు మట్టి తెచ్చి నాయన పక్కన పెట్టుకోండమ్మా, ప్రార్థన నేనే చేస్తానన్నాడు. మంచి మాటే. నిన్నమొన్నటిదాకా ఎవరేది ఊరికే ఇస్తానన్నా రెండు చేతులూ చాచినదాన్ని. ఈసారి మాత్రం వద్దన్నాను. ఒక్క మాట కోసం అమ్మ వదులుకున్న చోటది. ఇప్పుడది ఎవరికైనా దొరుకుతోంది, సంతోషమే, నీళ్ళకోసం మనుషులు దూరం కావడం ఏం మంచిదని. అయినా ఆ కుర్ర అయ్యగారి ముందు నిలబడి ఉన్నంతసేపూ, ఒక్క చుక్క తగ్గని ఆనాటి అయ్యగారి మీదా పాస్టరు మీదా, వాళ్ళ మధ్య దారి లేదని తెలిసీ హౌజు మెట్లు దిగిన మా అమ్మ మీదా, నాకెందుకో బెంగగా అనిపించింది.