లావు అక్షరాల్లోనే ఉండిపోయిన పోస్టు

దయ్యాలంటే నాకు నవ్వు. తెనాలిలో నెట్ సెంటర్ నడిపిన రోజుల్లో, కంప్యూటర్ ఆగిపోతే దానికి గాలి సోకిందనే వాళ్ళని కూడా చూశాను. ప్లగ్గు పీకి, దుమ్ము ఊది, మళ్ళీ పెట్టేవాణ్ణి. గాలి వదిలేది. అలాంటి నేనే ఇది రాయాల్సి వచ్చింది.

మాది సన్నాయి ఇల్లు. రేపల్లెలో గుడి కల్యాణానికి మా తాత వాయించేవాడు, తర్వాత నాన్న. నాకు ఊపిరి తక్కువ, నోరు ఎక్కువ. అందుకే నాన్న నన్నొదిలేసి చెల్లెలు మీరాబీకి నేర్పాడు. నా వంతుగా నేను సన్నాయి, డోలు అంటే ఇష్టమున్న వాళ్ళ కోసం ఇంటర్నెట్లో నలుగురూ రాసుకునే ఫోరం ఒకటి పెట్టాను.

తోడి రాగం ముగించడంలో తాతకో పద్ధతి ఉండేది. కల్యాణానికి వచ్చినవాళ్ళు దానికోసమే నిలబడేవాళ్ళు. ముందు ఊపిరి నిలబెట్టుకో, అది ఆఖర్న చెబుతానని నాన్న మీరాబీతో అనేవాడు. ఆ ఆఖరు రాకముందే నాన్నకి పక్షవాతం వచ్చింది. మాటా పోయింది, కుడిచెయ్యీ పోయింది.

మీరాబీ మంచం పక్కన కూర్చుని ఆ ముగింపు ఊహించి వాయించేది. నాన్న తల అడ్డంగా ఊపేవాడు. మళ్ళీ వాయించేది. మళ్ళీ అడ్డంగానే. ఇద్దరి కళ్ళల్లో నీళ్ళు చూడలేక నేను షాపుకి పోయేవాణ్ణి.

ఒకరోజు రేపల్లె గుడి కమిటీ పెద్దాయన వచ్చాడు. నాన్న చెయ్యి పట్టుకుని కాసేపు కూర్చుని, బయటికొచ్చాక నాతో అన్నాడు. "అమ్మాయి వాయిస్తే మాకు సంతోషమే బాబూ. కానీ కల్యాణం రోజు ఆ తోడి లేకపోతే జనం ఊరుకోరు. అది రాదంటే చెప్పు, ఈసారికి వేరే మేళాన్ని పిలుచుకుంటాం."

ఈసారికి అంటే ఇక ఎప్పటికీ అనే. ఆ సంగతి ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

ఇక్కడ ఫోరం సంగతి నాలుగు ముక్కల్లో చెప్పాలి. మీరు కిందటిసారి ఎప్పుడొచ్చారో అది గుర్తుపెట్టుకుంటుంది. ఆ తర్వాత పడ్డ పోస్టులు లావు అక్షరాల్లో కనబడతాయి, అంటే మీరింకా చదవలేదని. చదివితే సన్నబడతాయి. పావుగంట ఏమీ నొక్కకపోతే మిమ్మల్ని బయటికి పంపేస్తుంది. మళ్ళీ లోపలికొచ్చేసరికి మీరు చదవనివి కూడా పాతవాటిలో కలిసిపోయి సన్నగా కనబడతాయి. ఆ పావుగంట నియమం పెట్టింది నేనే. నెట్ సెంటర్లలో జనం లాగౌట్ చెయ్యకుండా లేచిపోతే, తర్వాత కూర్చున్నవాడు వాళ్ళ పేరుతో తిట్లు రాసేవాడు మరి.

నాన్న ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఫోరం తెరవడం, ఫోను రాగానే పరుగెత్తడం, ఇదే పని. ఎన్ని పోస్టులు నేను చూడకుండానే సన్నబడ్డాయో.

తాత వాయించిన రికార్డు ఎవరి దగ్గరన్నా ఉందా అని ఫోరంలో అడిగాను. ఒక్కరూ పలకలేదు. కానీ అప్పటినుంచి, జాబితాలో ఎక్కడో అడుగున, ఆసుపత్రి రోజులనాటి పోస్టు ఒకటి లావుగా కనబడటం మొదలెట్టింది. 'పాత క్యాసెట్లు ఎవరికైనా కావాలా' అని దాని పేరు. కింద కొత్త జవాబేమీ లేదు. ఏవో సినిమా పాటలు అమ్ముకునే బాపతు అనుకున్నాను.

'అన్నీ చదివినట్టే' అనే బటన్ నొక్కాను. అన్నీ సన్నబడ్డాయి, అదొక్కటి తప్ప. లాగౌట్ చేసి వచ్చాను, లావే. వేరే కంప్యూటర్లో చూశాను, లావే. రేపల్లెలో ఓ స్నేహితుడి షాపులో చూశాను, అక్కడా లావే. అతను తన పేరుతో తెరిస్తే మాత్రం సన్నగా ఉంది. నా ఫోరం నన్నే వెక్కిరిస్తోందని ఒళ్ళు మండిపోయింది. తీసిపారేద్దామనుకున్నాను.

తీసెయ్యాలంటే ముందు తెరవాలి. తెరిచాను. అంతలో ఇంటినుంచి అన్నానికి పిలుపు. తిని, నాన్నకి తినిపించి, తాపీగా తిరిగొచ్చాను. ఎప్పుడూ నన్ను బయటికి గెంటేసే ఫోరం ఈసారి గెంటలేదు. ఆ పేజీ అలాగే నాకోసం తెరుచుకుని ఉంది. అప్పుడు చదివాను.

బాపట్ల నుంచి సుబ్బారావు గారనే పెద్దాయన రాశారు. టేప్ రికార్డరు పిచ్చితో వెనకటి పెళ్ళిళ్ళన్నీ రికార్డు చేసుకున్నారట. వాటిలో ఒకదానికి తెనాలి సన్నాయి మేళం వచ్చిందట, తోడి బాగా వాయించారట. అప్పట్లో తెనాలి మేళమంటే మా తాతదే. చంకలో పిల్లవాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే.

మర్నాడే రైలెక్కి బాపట్ల వెళ్ళాను. సుబ్బారావు గారు ఇల్లు మారుతున్నారు. క్యాసెట్లన్నీ గోనెసంచిలో వాకిట్లో ఉన్నాయి. "ఎవరూ అడగలేదు కదాని పాతసామాన్ల వాడికి కబురు పెట్టాను నాయనా. సాయంత్రం వస్తానన్నాడు," అన్నారు.

ఇంటికొచ్చి టేపు పెట్టాం. ముందు గ్లాసుల చప్పుడు, ఎవరో పంతులుగారిని కేకెయ్యడం, ఆ వెనకాల తాత తోడి. నాన్న ఎడమచేత్తో మంచంపట్టె మీద తాళం వేశాడు. ముగింపు వచ్చేసరికి మీరాబీ ఊపిరి బిగబట్టింది. కొన్నాళ్ళకి ఆమె దాన్ని సొంతంగా వాయించినప్పుడు నాన్న తల నిలువుగా ఊపాడు. నేను వీధిలోకొచ్చి చిన్నపిల్లాడిలా గెంతాను.

కల్యాణం రోజు పొద్దున్న నాన్నని రేపల్లె తీసుకెళ్ళి ముందు కుర్చీలో కూర్చోబెట్టాం. మీరాబీ తోడి మొదలెట్టింది. ముగింపు దగ్గర జనం కదల్లేదు, పిల్లలు కూడా. అయ్యాక కమిటీ పెద్దాయన శాలువా తెచ్చి ఆమెకి కప్పాడు. "మీ వంతు మీదేనమ్మా. ఏటా నువ్వే రావాలి," అన్నాడు. నాన్న ఏడుస్తూ నవ్వాడు. మా ఇల్లు గెలిచింది, నా జన్మలో అంత సంతోషం మళ్ళీ చూడలేదు.

చెప్పాల్సింది ఇంకొకటుంది. నేను చదివాక కూడా ఆ పోస్టు సన్నబడలేదు. టేపు తెచ్చాకా సన్నబడలేదు, మీరాబీ నేర్చుకున్నాకా సన్నబడలేదు. కల్యాణం మర్నాడు తెరిస్తే సన్నగా, అన్నిటిలాగే ఉంది.

ప్రోగ్రామంతా వరసగా చదివాను. తప్పెక్కడా దొరకలేదు. ఆ రోజు మాత్రం ఆ పేజీ మళ్ళీ తెరిచి, ఏమీ నొక్కకుండా, చేతులు కట్టుకుని ఎదురుగా కూర్చున్నాను. సరిగ్గా పావుగంటకి నన్ను బయటికి పంపేసింది.